పాత సీఎన్‌సీకి ప్రోబ్: నమ్మదగిన 24 వోల్టుల కోసం ఒక పని డైరీ

జనవరి చివరి వారం

చిత్తూరు శివార్లలోని మా వర్క్‌షాపులో పని ఎక్కువగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకే జరుగుతుంది. గుజ్జు తీసే పల్పర్ల బేరింగ్ హౌసింగులు, పంపు బాడీలు, స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్లాంజులు చేసి ఇస్తాము. జూన్‌లో తోతాపురి లారీలు ఫ్యాక్టరీ గేట్ల ముందు బారులు తీరేలోపు ఈ విడిభాగాలన్నీ వాళ్ల చేతికి అందాలి. ఆ తరువాత అందినా వాటితో ఎవరికీ పని ఉండదు. హౌసింగులు పోత పోసిన ముక్కలు కనుక ఒకటి ఉన్నట్టు మరొకటి ఉండదు. ప్రతి ముక్కనూ ఫిక్చర్ మీద పెట్టి, డయల్ ఇండికేటర్ తిప్పుతూ రంధ్రం కేంద్రాన్ని వెతుక్కోవడానికి పట్టే సమయం కోతకు పట్టే సమయంతో పోటీ పడుతోంది. కోత పనిముట్టును పట్టి తిప్పే స్పిండిల్‌లో, ముక్కను తాకగానే సంకేతం ఇచ్చే టచ్ ప్రోబ్ ఉంటే ఆ వెతుకులాట మెషీనే చేసుకుంటుంది.

మా మెషీన్ 2001లో జపాన్‌లో తయారైన వర్టికల్ మెషినింగ్ సెంటర్, అంటే కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ మెషీన్. దాని కంట్రోల్, అంటే దాన్ని నడిపే కంప్యూటర్, ఫానుక్ 0ఐ-ఎంఏ. యాంత్రికంగా ఇప్పటికీ గట్టిగా ఉంది. ప్రోబ్ పెట్టే ఏర్పాటు మాత్రం దీనికి కొన్ననాడు లేదు. ఇప్పుడు వాడిన సెట్ ఒకటి చెన్నైలో దొరికింది. అందులో స్పిండిల్‌లో పట్టుకునే ఆప్టికల్ ప్రోబ్, దాని ఇన్‌ఫ్రారెడ్ సంకేతాన్ని అందుకునే రిసీవర్, ప్యానెల్‌లో బిగించే ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. ప్రోబ్ బ్యాటరీతో నడుస్తుంది. రిసీవర్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ బయటి నుంచి 24 వోల్టుల డీసీ అందించాలి. సెట్‌తో వచ్చిన కాగితంలో కరెంటు గురించి ఉన్నది ఆ ఒక్క మాటే. ఈ డైరీ అంతా ఆ ఒక్క మాట గురించే.

ఫిబ్రవరి మొదటి వారం

ప్యానెల్ తలుపు తీసి చూస్తే 24 వోల్టులు రెండు చోట్ల ఉన్నాయి. మొదటిది కంట్రోల్‌కు తిండి పెట్టే రెగ్యులేటెడ్ సప్లై. రెండవది ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి రెక్టిఫయర్, ఒక పెద్ద కెపాసిటర్ కలిసిన సాదా ఏర్పాటు. టూల్ మార్చే సోలెనాయిడ్లు (కరెంటు ఇస్తే లాగే కాయిళ్లు), జడ్ అక్షం (స్పిండిల్ తల పైకీ కిందికీ కదిలే దారి) బ్రేకు, రిలేలు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. టెర్మినళ్లలో ఖాళీ కూడా ఈ రెండవ దాని దగ్గరే ఉంది. సెట్ అమ్మినవారు పంపిన ఫిట్టర్ అక్కడే తగిలించి వెళ్లిపోదామన్నాడు. మీటరు పెడితే 24.6 వోల్టులు చూపింది. మీటరు ఇచ్చిన జవాబు అంత స్థిరంగా ఉన్నప్పుడు అతని మాటను కాదనడానికి అప్పటికి నా దగ్గర కారణమేమీ లేదు. అయినా చూసి తగిలిద్దామని చెప్పి పంపేశాను.

మల్టీమీటరు సెకనులో రెండు మూడు సార్లు సగటు తీసి అంకె వేస్తుంది. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో అది చెప్పదు. అందుకే తెలిసిన పాలిటెక్నిక్ లెక్చరర్ గారి దగ్గర, వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతుందో గీతగా చూపే ఆసిలోస్కోప్ అడిగి తెచ్చాను. మెషీన్‌ను ఊరికే ఆన్‌లో ఉంచినప్పుడు గీత మీద 100 హెర్ట్జ్ అలలు కనిపించాయి. మన 50 హెర్ట్జ్ కరెంటును బ్రిడ్జి రెండు వైపులా సరిచేస్తే వచ్చే అలలే అవి. వాటి ఎత్తు దాదాపు 2 వోల్టులు. అది పాత కెపాసిటర్ వయసు. ఆ తరువాత స్కోప్‌ను ఒక్క కుదుపును పట్టి నిలిపే సింగిల్ ట్రిగ్గర్‌లో పెట్టి టూల్ ఛేంజ్ ఆదేశం ఇచ్చాను.

తెర మీద నిలిచిన బొమ్మ చూశాక ఆ ఖాళీ టెర్మినళ్ల వైపు మళ్లీ చూడలేదు. టూల్‌ను పట్టి ఉంచే డ్రాబార్ సోలెనాయిడ్ లాగిన క్షణంలో 24 వోల్టులు కాస్తా 17 దాకా కుంగి, కొన్ని మిల్లీసెకన్ల తరువాత లేచాయి. సోలెనాయిడ్ వదిలినప్పుడు దానికి ఎదురుగా పదుల వోల్టుల ముల్లు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. మీటరు మాత్రం ఆ సేపంతా 24.5, 24.6 అనే చెబుతోంది. కుంగినప్పుడు ఇంటర్‌ఫేస్ రీసెట్ అయ్యే ప్రమాదం ఉంది. ముల్లు పొడిచినప్పుడు తాకకుండానే తాకినట్టు సంకేతం రావచ్చు. మొదటిది జరిగితే పని ఆగుతుంది. రెండవది జరిగితే తప్పు కేంద్రం నమోదై, దాని మీదే కోత మొదలవుతుంది. ముక్క పాడైందని తెలిసేది బేరింగ్ కూర్చోనప్పుడు, అదీ ఫ్యాక్టరీలో.

ఫిబ్రవరి మూడవ వారం

కంట్రోల్‌కు ఉన్న మంచి సప్లై నుంచే ఎందుకు తీసుకోకూడదని మా ఆపరేటర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్న. రిసీవర్ కేబుల్ మెషీన్ లోపల, కూలెంట్ చిమ్మే చోట, లోహపు తురుము ఎగిరే చోట ఉంటుంది. ఏనాడో ఒకనాడు దాని తొడుగు తెగుతుంది. అప్పుడు షార్ట్ అయితే కంట్రోల్ సప్లై కుప్పకూలి, నడుస్తున్న మెషీన్ మెదడు మధ్యలో ఆరిపోతుంది. ఇరవై ఏళ్లు దాటిన సప్లై మీద కొత్త బరువు వేయడం కూడా నాకు ఇష్టం లేదు. కాబట్టి ప్రోబ్‌కు విడిగా ఒక ఎస్ఎంపీఎస్ (ఏసీని స్థిరమైన డీసీగా మార్చే స్విచింగ్ సప్లై) పెట్టాలని నిర్ణయించుకున్నాము.

ఎంత పెద్దది కావాలనే లెక్క చిన్నదే. రిసీవరు, ఇంటర్‌ఫేస్, రేపు పెట్టబోయే టూల్ సెట్టర్ (టూల్ పొడవు కొలిచేది) కలిపినా 15 వాట్లు దాటవు. అయినా 60 వాట్లది, అంటే 24 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు ఇచ్చేది తీసుకున్నాను. చిత్తూరు ఎండల్లో ప్యానెల్ లోపలి వేడిని లెక్కలోకి తీసుకోక తప్పదు. ఈ రకం సప్లైలలో చాలా వాటికి 50 డిగ్రీలు దాటితే సామర్థ్యం తగ్గించి వాడుకోవాలని తయారీదారులే చెబుతారు. నాలుగో వంతు బరువుతో నడిచేది అంతగా వేడెక్కదు, ఎక్కువ కాలం బతుకుతుంది.

అసలు ఆలోచించవలసింది దానికి ఏసీ ఎక్కడి నుంచి ఇవ్వాలన్నది. మన దగ్గర మూడు ఫేజుల మధ్య 415 వోల్టులు. ఈ జపాన్ మెషీన్‌కు కావలసింది 200. అందుకే వెనుక పెద్ద స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. ప్యానెల్ లోపల దొరికే 200 వోల్టులు రెండు ఫేజుల మధ్యవే. అక్కడ న్యూట్రల్ లేదు. ఎస్ఎంపీఎస్ 85 నుంచి 264 వోల్టుల దాకా తీసుకుంటుంది కాబట్టి వోల్టేజీతో ఇబ్బంది లేదు. కానీ దాని లోపలి ఫ్యూజ్ ఒక్క తీగకే ఉంటుంది. న్యూట్రల్ అనుకునే రెండవ తీగ కూడా ఇక్కడ ప్రాణమున్న ఫేజే. అందుచేత బయట రెండు పోళ్ల ఎంసీబీ (లోపం వస్తే తనంత తాను పడిపోయే బ్రేకర్) పెట్టి, రెండు తీగలూ ఒకేసారి తెగేలా చేశాము. పాత జపాన్, తైవాన్ మెషీన్లలో కొత్త సప్లై బిగించేవారు ఈ విషయాన్ని తప్పక గమనించాలి. ఒంటి పోల్ ఎంసీబీ పడిపోయినా సప్లై టెర్మినల్ మీద కరెంటు మిగిలే ఉంటుంది.

ఆ ఎంసీబీకి దారి కంట్రోల్ ఆన్ కాంటాక్టర్ తరువాత నుంచి తీశాము. కంట్రోల్ లేచినప్పుడు ప్రోబ్ వ్యవస్థ లేవాలి, అది పడుకున్నప్పుడు ఇదీ పడుకోవాలి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే డ్రైవుల కాంటాక్టర్ పడిపోతుంది. ప్రోబ్‌కు మాత్రం కరెంటు ఉండాలి, ఎందుకంటే ఎమర్జెన్సీలో ఆగిన స్థితిలో ప్రోబ్ ముక్కను తాకుతోందా లేదా అన్నది ఆపరేటర్‌కు అప్పుడే ఎక్కువ అవసరం. అందుకని డ్రైవుల వైపు నుంచి తీగ తీసుకోలేదు.

మార్చి మొదటి పక్షం

వైరింగ్‌కు మా ఊళ్లో ఎన్నో ఏళ్లుగా మెషీన్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్న పెద్దాయన వచ్చారు. ఎస్ఎంపీఎస్ బయటికి వచ్చే ప్లస్ తీగకు ఒక ఆంపియర్ ఫ్యూజ్ టెర్మినల్ పెట్టాము. 2.5 ఆంపియర్ల సప్లై షార్ట్ అయినప్పుడు తనను తాను కాపాడుకుంటూ కరెంటును తగ్గించేస్తుంది. పెద్ద ఫ్యూజ్ పెడితే అది ఎన్నటికీ కాలదు, లోపం ఎక్కడుందో దొరకదు.

రిసీవర్ దాకా తీగ పొడవు 12 మీటర్లు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగకు పోనూ రానూ 24 మీటర్లకు సుమారు 0.9 ఓమ్ నిరోధం వస్తుంది, 0.3 ఆంపియర్ల దగ్గర పోయేది పావు వోల్టు మాత్రమే. కాబట్టి లావు తీగ అవసరం లేదు. తీగ వెళ్లే దారి మాత్రం ముఖ్యం. పాత డక్టులో స్పిండిల్ మోటారు కేబుళ్లు ఉన్నాయి. రిసీవర్ కేబుల్‌ను వాటి పక్కన పెట్టకుండా వేరే ఫ్లెక్సిబుల్ గొట్టంలో తెచ్చి, దాటక తప్పని చోట అడ్డంగా, లంబకోణంలో దాటించాము. కేబుల్ అల్లిక తొడుగును ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ బార్‌కు బిగించి, రిసీవర్ వైపు వదిలేశాము. రెండు చివరలా బిగిస్తే మెషీన్ బాడీకీ ప్యానెల్‌కూ మధ్య ఉండే చిన్న వోల్టేజీ తేడా ఆ అల్లికనే దారి చేసుకుంటుంది.

కొత్త సప్లై సున్నా తీగను ఒకే ఒక్క చోట ఎర్త్‌కు కలిపాము. ఎర్త్ గుంతను ముందే చూసుకున్నాము. మా నేల రాతి నేల. ఎండాకాలంలో గుంతలో తేమ ఆరిపోతుంది. బొగ్గు, ఉప్పు మళ్లీ నింపి నీళ్లు పోయించాము, ఇకపై పోయడం ఎవరి బాధ్యతో కూడా గోడ మీద రాయించాము.

పాత సప్లై మీద లేచే ముళ్లను కూడా అవి పుట్టే చోటే అణచాలనుకున్నాము. ప్రోబ్ దానికి దూరంగా ఉన్నా, అవే తీగలు అదే ప్యానెల్‌లో పోతున్నాయి. డీసీ సోలెనాయిడ్ల కాయిళ్లకు అడ్డంగా 1ఎన్4007 డయోడ్లు, ఏసీ కాంటాక్టర్ కాయిళ్లకు 100 ఓమ్ రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ జతలు బిగించాము. వరసగా డయోడ్లు వేసుకుంటూ వస్తున్న మా ఆపరేటర్ చేతిని జడ్ అక్షం బ్రేకు టెర్మినల్ దగ్గర పెద్దాయన పట్టుకున్నారు.

“దానికొద్దు నాయనా. డయోడ్ పెడితే బ్రేకు పట్టేది లేటవుతాది. ఆ లోపల తల కిందికి జారతాది.”

“ముల్లు లేస్తుంది కదా పెద్దాయనా, మరి దానికేం పెట్టేది?”

“వేరిస్టర్ ఉండాది చూడు, అది పెట్టు. ముల్లూ ఆగతాది, బ్రేకూ టయానికి పట్టతాది.”

ఆయన చెప్పినదానికి కారణం స్పష్టమైనది. డయోడ్ ఉన్నప్పుడు కాయిల్‌లోని కరెంటు ఆ డయోడ్ గుండానే తిరుగుతూ మెల్లగా తగ్గుతుంది. కరెంటు తగ్గేదాకా స్ప్రింగ్ బ్రేకును బిగించలేదు. సోలెనాయిడ్ వాల్వుకు ఆ ఆలస్యం లెక్కలోకి రాదు. వందల కిలోల స్పిండిల్ తల వేలాడే బ్రేకుకు అది ప్రమాదం. వేరిస్టర్ ఎక్కువ వోల్టేజీ దగ్గర అడ్డుకుంటుంది కనుక కరెంటు త్వరగా చస్తుంది. ప్యానెల్‌లో ఇన్ని తీగల మధ్య ఆయన చేయి సరిగ్గా అక్కడికే వెళ్లడం అనుభవం. ఆ విద్య కోర్సుల్లో దొరకడం కష్టం.

ప్రోబ్ కంటిని శుభ్రం చేసే గాలి సోలెనాయిడ్‌నూ, ప్రోబ్‌ను మేల్కొలిపే ఎం-కోడ్ (ప్రోగ్రాంలో ఇచ్చే ఆన్-ఆఫ్ ఆదేశం) రిలే కాయిల్‌నూ పాత సప్లై మీదే ఉంచాము. రిలే కాంటాక్టు మాత్రమే ఇంటర్‌ఫేస్ వైపుకు వెళుతుంది. కొత్త సప్లై మీద కాయిల్ అనేది ఒక్కటీ లేదు.

మార్చి చివర

ఇంటర్‌ఫేస్ నుంచి కంట్రోల్‌కు వెళ్లే సంకేతం గురించి కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే కరెంటు పోతే ఏం జరగాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్ వోల్టేజీ లేని స్విచ్. కంట్రోల్ ఐఓ కనెక్టర్ ఇచ్చే 24 వోల్టులు ఆ స్విచ్ గుండా తిరిగి ఎక్స్1004.7 అనే స్కిప్ ఇన్‌పుట్‌కు, అంటే తాకగానే కదలికను మధ్యలో ఆపించే ఇన్‌పుట్‌కు, చేరతాయి. ఈ ఇన్‌పుట్ 18 వోల్టులకు పైన 1 అనీ, 6 వోల్టులకు కింద 0 అనీ చదువుతుంది. దీనివల్ల కంట్రోల్ కరెంటూ ప్రోబ్ కరెంటూ ఎక్కడా కలవవు. ఆ స్విచ్‌ను తాకినప్పుడు మూసుకునేలా పెట్టుకోవచ్చు, తెరుచుకునేలా కూడా పెట్టుకోవచ్చు. మూసుకునేలా పెడితే ఫ్యూజ్ కాలినా తీగ తెగినా కంట్రోల్‌కు తెలియదు. ప్రోబ్ ఏమీ తాకలేదనుకొని అక్షం ముందుకు పోతూనే ఉంటుంది, ప్రోబ్ కొనన ఉండే ఎర్ర రూబీ బంతీ దాని కాడా ముక్కకు గుద్దుకొని విరుగుతాయి. తెరుచుకునేలా పెడితే కరెంటు పోవడం, తీగ తెగడం, రిసీవర్‌కు సంకేతం అందకపోవడం అన్నీ తాకినట్టే కనిపించి మెషీన్ ఆగుతుంది. మేము రెండవదే ఎంచుకొని, 6200 పారామీటర్‌లో బిట్ 1ని 1 చేసి, సంకేతం 0 అయినప్పుడు స్కిప్ పనిచేసేలా మార్చాము.

దీన్ని కాగితం మీద నమ్మి వదిలేయలేదు. జడ్‌ను పైన ఖాళీ గాలిలో ఉంచి, స్కిప్ సంకేతం వస్తే ఆగిపోయే జీ31 కదలికతో మెల్లగా కిందికి నడిపిస్తూ, మధ్యలో ఫ్యూజ్ టెర్మినల్ లాగాము: అక్షం అక్కడే ఆగింది. రిసీవర్ ముందు అట్టముక్క అడ్డం పెట్టాము: ఆగింది. కేబుల్ కనెక్టర్ ఊడదీశాము: ఆగింది. ఎస్ఎంపీఎస్ ఎంసీబీ దించినప్పుడు మాత్రం ఒక్క క్షణం నడిచి ఆగింది. దాని కెపాసిటర్లలో మిగిలిన శక్తి ఇంటర్‌ఫేస్‌ను ఆ కాసేపు బతికించింది. ఆ కాసేపూ ప్రోబ్ నిజంగానే పనిచేస్తోంది కనుక దానివల్ల ప్రమాదం లేదు.

ఇంకొక మెలిక ఉంది. ప్రోబ్‌కు కరెంటు లేకుండానే జీ31 మొదలైతే కంట్రోల్ అప్పటికే తాకిందనుకొని, అడుగు కదలకుండా ఆ బ్లాకును ముగించి తరువాతి బ్లాకుకు పోతుంది. ఆ తరువాతిది మామూలు కదలిక అయితే ఇప్పటి వరకు పడ్డ శ్రమంతా వృథా. అందుచేత మాక్రోలో, అంటే కొలత చేయించే చిన్న ప్రోగ్రాంలో, ప్రతి జీ31 తరువాత బయలుదేరిన స్థానాన్నీ ఆ అక్షానికి (జడ్ అయితే #5063లో) నమోదైన స్కిప్ స్థానాన్నీ పోల్చి, రెండూ ఒకటే అయితే #3000తో అలారం ఇచ్చి ఆపేలా రాశాము. ప్రోబ్ స్పిండిల్‌లో ఉండగా ఒకచోటి నుంచి మరొకచోటికి వెళ్లే కదలికలు కూడా జీ31తోనే రాశాము. దారిలో అనుకోని అడ్డు తగిలితే ఆగి అరుస్తుంది.

ఏప్రిల్ రెండవ వారం

ప్రోబ్ లోపలి బ్యాటరీల సంగతి. మా దానికి సగం ఏఏ సైజు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్లులు రెండు కావాలి, ఒక్కొక్కటి 3.6 వోల్టులు. చిత్తూరు దుకాణాల్లో అడిగితే గడియారం సెల్లులు చూపించారు. చెన్నైలో రిచీ స్ట్రీట్ నుంచి తెప్పించాము. ఈ సెల్లులు ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి కానీ, వాడకుండా ఉంచినప్పుడు లోపల ఒక పలుచని పొర కట్టి మొదటిసారి బరువు పడగానే వోల్టేజీ కాసేపు కుంగుతుంది. కొత్త సెల్లు వేసిన వెంటనే కొలత మొదలుపెట్టకుండా ప్రోబ్‌ను కొంతసేపు ఆన్‌లో ఉంచాలని ఆపరేటర్‌కు చెప్పాను. ఇంటర్‌ఫేస్‌లోని బ్యాటరీ తగ్గిందన్న సంకేతాన్ని కూడా కంట్రోల్‌కు కలిపి, తెర మీద సందేశం వచ్చేలా చేశాము.

ఏప్రిల్ చివర

ఎండలు ముదిరాక పరీక్షలు మళ్లీ చేశాము. మధ్యాహ్నం ప్యానెల్ లోపల 47 డిగ్రీలు. ఎస్ఎంపీఎస్ దగ్గర 24.0 వోల్టులు, రిసీవర్ చివర 23.8. కంప్రెసర్ మోటారు స్టార్ట్ అయినప్పుడు పాత సప్లై 21కి దిగింది, కొత్తది కదలలేదు. టూల్ ఛేంజ్ చేయిస్తూ స్కోప్‌తో చూస్తే కొత్త సప్లై గీత మీద సన్నని నూగు తప్ప ఏమీ లేదు. జనరేటర్‌కు మారినప్పుడు మెషీన్ మొత్తం ఆరిపోతుంది, అది వేరే విషయం. మళ్లీ లేచాక ఇంటర్‌ఫేస్ సిద్ధంగా ఉందన్న సంకేతం వచ్చేదాకా ప్రోబ్ ప్రోగ్రాం మొదలు కాకుండా ల్యాడర్‌లో, అంటే మెషీన్ స్విచ్‌లనూ రిలేలనూ నడిపే ప్రోగ్రాంలో, అడ్డు పెట్టాము.

కొలత నిలకడ గురించి ఒక మాట. ఈ మామూలు స్కిప్ ఇన్‌పుట్‌ను కంట్రోల్ గమనించడంలో 0 నుంచి 2 మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. నిమిషానికి 300 మి.మీ. వేగంతో తాకిస్తే మిల్లీసెకనుకు 5 మైక్రాన్లు నడుస్తుంది, అంటే 10 మైక్రాన్ల దాకా అనిశ్చితి. ఎంత శుభ్రమైన కరెంటు ఇచ్చినా ఇది పోదు. కాబట్టి మొదటి తాకుడు వేగంగా, వెనక్కి కొద్దిగా జరిగి రెండవది నిమిషానికి 30 మి.మీ. వేగంతో తాకేలా మాక్రో ఉంది. అక్కడ అనిశ్చితి ఒక మైక్రాను. కొలత కచ్చితంగా తెలిసిన రింగ్ గేజ్ కేంద్రాన్ని పదే పదే వెతికిస్తే ఫలితాలన్నీ 3 మైక్రాన్ల లోపల పడ్డాయి. తాకకుండా తాకినట్టు వచ్చిన సంకేతం కొత్త సప్లై బిగించాక ఒక్కటీ లేదు.

మే మొదటి వారం

బేరింగ్ హౌసింగులు ఇప్పుడు ప్రోబ్ మీదే సెట్ అవుతున్నాయి. ఆపరేటర్ ముక్కను బిగించి తలుపు మూస్తాడు. కేంద్రం, ముఖం ఎత్తు, ముక్క సున్నా స్థానాన్ని దాచే జీ54లోకి వాటంతట అవే చేరతాయి. డయల్ ఇండికేటర్‌ను మాత్రం తీసేయలేదు. ప్రతి ఉదయం మొదటి ముక్కకు దానితో సరిచూసి పుస్తకంలో రాయమన్నాను.

మిగిలిన పని టూల్ సెట్టర్. బల్ల మీద బిగించే తీగ రకం తీసుకుంటున్నాము. ఎస్ఎంపీఎస్‌లో దానికి చోటు ఉంది, ఫ్యూజ్ టెర్మినల్ ఒకటి ఖాళీగా ఉంచాము. ప్రోబూ సెట్టరూ ఒకే స్కిప్ ఇన్‌పుట్‌ను పంచుకోవాలి కనుక, ఏది వాడుతున్నామో ఎం-కోడ్‌తో ఎంచే రిలే పెట్టాలి. ఆ రిలే కాయిల్ కూడా పాత సప్లై మీదే ఉంటుంది. రిలే కాంటాక్టు మారే క్షణంలో ఇన్‌పుట్ 0 అవుతుంది. ఆ సమయంలో జీ31 నడవకుండా మాక్రోలో చిన్న ఆగుడు పెట్టాలి. సెట్టర్ వచ్చే వారం చేరుతుందన్నారు. రాగానే వైరింగ్ మొదలుపెడతాము.